బండ మీద ప్రశాంతత

డాక్టరు నా చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ "150, 95" అన్నాడు. "మాత్ర రాస్తాను గానీ సార్, మీరు టెన్షన్ తగ్గించుకోవాలి. సాయంత్రం పూట ప్రశాంతంగా ఉండే చోట కాసేపు కూర్చోండి."

కడపలో, ఏప్రిల్ నెలాఖరున, సాయంత్రం పూట, ప్రశాంతంగా! ఏసీ గదిలో కూర్చుని చెప్పాడు కాబట్టి ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు.

ఈ సంగతి బెంగుళూరులో ఉన్న మా అమ్మాయికి చేరడానికి అరగంట పట్టింది. మా ఇంట్లో సమాచార శాఖ మా ఆవిడ చేతిలో ఉంది. రాత్రికల్లా నా ఫోన్‌కు పద్నాలుగు ఫొటోలు వచ్చాయి. రాతి బెంచీ, దాని పక్కన బుల్లి తామర కొలను, తెల్ల గులకరాళ్ళ మధ్య ఊదారంగు లావెండర్ పూలు, చూరుకు వేలాడే వెదురు గంటలు. ఆ ఫొటోల్లో మనుషులంతా స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. అది నేను అప్పుడే గమనించాల్సింది.

"ఇంటి వెనక జాగా ఊరికే పడి ఉంది కదా నాన్నా, వెల్‌నెస్ గార్డెన్ చేసుకో" అంది.

ఎర్రముక్కపల్లెలో మా ఇంటి వెనక అర సెంటు ఖాళీ ఉంది. అందులో ఒక వేపచెట్టు ఉండేది. ఆకులు రాలి కాలువకు అడ్డం పడుతున్నాయని మూడేళ్ళ కిందట నేనే కొట్టించాను. ఆ విషయం ఇక్కడ మళ్ళీ ఎత్తను. ఇంట్లో ఎత్తింది చాలు.

మర్నాడు బండల మేస్త్రీని పిలిచి, వెల్‌నెస్ గార్డెన్ అన్నాను. ఆయన టేపు తీయబోయి ఆగాడు.

"వెల్ అంటే బావి గదా సార్? ఎన్ని అడుగులు తవ్వల్ల? మిషను పిలుచుకోని రావల్ల మరి."

బావి కాదు, బెంచీ కావాలని ఫొటో చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదా సార్! దీనికి ఫొటో ఎందుకు? మన ఎర్రగుంట్ల పక్క బండ తెప్పిస్తా. నూరేండ్లుంటాది."

కడపవాడికి బండ మీద అనుమానం రావడం కన్నతల్లి మీద అనుమానం రావడం లాంటిది. మా వంటింటి గట్టు కడప బండే, అరుగు కడప బండే, అటక కడప బండే. ఊరి పేరుతో దేశమంతా అమ్ముడుపోయే రాయి పెరట్లో లేకపోతే ఎలా అనుకున్నాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. నలుగురు మనుషులు "హైసా" అంటూ మోసుకొచ్చి రెండు దిమ్మెల మీద పడేశారు. నల్లగా, నున్నగా, చూస్తుంటేనే చల్లగా ఉంది. అది పొద్దున ఆరున్నర గంటలప్పటి మాట.

మొక్కలు ట్రాలీ ఆటోలో వచ్చాయి. మైకులో "కడియం మొక్కలూ, కడియం మొక్కలూ" అని అరుచుకుంటూ వచ్చినవాణ్ణి లావెండర్ ఉందా అని అడిగితే, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా ఉందన్నాడు. ఆ ఒక్క క్షణం తీసుకుని ఉంటే నాకు అనుమానం వచ్చేది. దానితో పాటు మల్లె, నందివర్ధనం, మరువం, ఒక పారిజాతం కొన్నాను. పారిజాతాన్ని బెంచీ వెనకే నాటించాను. రాత్రి పూసి తెల్లారేసరికి పూలన్నీ తనే రాల్చేస్తుంది కాబట్టి, బండంతా తెల్లటి పూలు పరుచుకుంటే వాటి మధ్య నేను కూర్చుని ఉంటానని ఊహించుకున్నాను. మొక్క మాత్రం ఇంకా నా మోకాలి దాకా కూడా రాలేదు.

లావెండర్ తొమ్మిదో రోజున పోయింది. దానికి పగటి ఎండతో పెద్ద పేచీ లేదట, రాత్రయినా చల్లబడాలట. మన దగ్గర మే నెలలో అర్ధరాత్రి కూడా 28, 30 డిగ్రీలు ఉంటుంది. మరువం మీద నాలుగు కొబ్బరి మట్టలు నీడ కడితే బతికింది. మల్లెకు నీడా అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. మొదళ్ళలో తడి ఆరకుండా శెనక్కాయ పొట్టు పరిస్తే, అందులో గింజలేమైనా మిగిలాయేమోనని ఉడతలు రోజూ తనిఖీకి వచ్చి మొత్తం చిమ్మి పోతున్నాయి.

ఇక ప్రారంభోత్సవం. ఒక సాయంత్రం అయిదింటికి ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, పల్చటి లుంగీ కట్టుకుని, కాఫీ గ్లాసుతో తోటలోకి నడిచాను. ఆ పగలు 43 డిగ్రీలు. వెదురు గంటలు మోగలేదు, మోగడానికి గాలి ఉండాలి కదా. కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, బెంచీ మీద కూర్చున్నాను. కూర్చున్నానని అనడం తప్పు. కూర్చోవడం మొదలుపెట్టాను, అంతే.

నల్ల రాయి పొద్దుటి నుంచి తాగిన ఎండనంతా నా కోసమే దాచిపెట్టింది. పెనం మీద పడ్డ దోసె ఎందుకు "చుయ్" మంటుందో నాకు ఆ క్షణంలో లోపలి నుంచి అర్థమైంది. ఎగిరి దూకితే ఉత్త కాళ్ళు గులకరాళ్ళ మీద పడ్డాయి. అవీ తక్కువ తినలేదు. అక్కడి నుంచి చెంగున గెంతి తామర తొట్టిలో కాలు పెట్టాను. నీళ్ళు ఎసరుకు పెట్టినంత వెచ్చగా ఉన్నాయి. కాఫీ మాత్రం ఒక్క చుక్క ఒలకలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవ్వరూ మెచ్చుకోలేదు.

మా అమ్మ కిటికీలోంచి చూసి, "తోటలో డాన్సులు గూడా ఉంటాయా నాయనా?" అంది.

"చీకటి పడ్డాక కూర్చోండి" అంది మా ఆవిడ. రాత్రి తొమ్మిదింటికి చెయ్యి పెట్టి చూశాను. రెండంగుళాల బండ, తాగినదంతా మెల్లగా, లెక్క ప్రకారం తిరిగి కక్కుతోంది. దుప్పటి నాలుగు మడతలు వేసి కూర్చుంటే సన్నటి సెగ తగిలింది, బాలింతకు కాపడం పెట్టినట్టు. అప్పుడు వచ్చాయి దోమలు.

అవి ఎక్కడివో శుక్రవారం తెలిసింది. దోమలు పెరగకుండా నిలవ నీళ్ళు పారబోయించే డ్రై డే అని ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త పెరట్లోకి వచ్చి, తొట్టిలోకి టార్చి వేసింది.

"ఇదేంటి సార్?"

"తామర కొలనమ్మా."

"లోపల ఈత కొడతాండేవి?"

వంగి చూశాను. తలకిందులుగా వేలాడుతూ వందలకొద్దీ పిల్లపురుగులు. ఈ వేడికి గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలట. కొలను పెట్టి అప్పటికి పన్నెండు రోజులు, అంటే ఒక బ్యాచ్ అప్పటికే చదువు ముగించుకుని బయటికి వెళ్ళిపోయింది. ఉంచాలనుకుంటే ఆ పిల్లపురుగుల్ని తినే గంబూసియా చేపలు వేయమని చెప్పి, ఈలోగా తొట్టి బోర్లించమంది. ఆ నీళ్ళు పారిజాతానికి పోశాను.

తర్వాతి ఆదివారం తెల్లవారి లేచి చూస్తే, నా ప్రశాంతత మీద నా పాత పంచె తడిపి పరిచి ఉంది. మా ఆవిడ సగ్గుబియ్యం గంజిని గరిటెతో వరసగా, గుండ్రంగా వేస్తోంది. పచ్చిమిర్చి, జీలకర్ర ముద్ద కలిపింది కాబట్టి ఒక్కో చుక్క నడుమ పచ్చటి పొడలు. మేడ మీదయితే రెండు రోజులు ఎండాలి. ఇక్కడ పైనుంచి సూర్యుడు, కిందనుంచి బండ. సాయంత్రం నాలుగింటికి పంచె వెనక నీళ్ళు చిలకరించి లాగితే వడియాలు టపటపమని ఊడి వచ్చాయి.

ఈ వార్త వీధి చివరిదాకా వెళ్ళింది. సమాచార శాఖ సంగతి ముందే చెప్పాను. పక్కింటి అత్త గుమ్మడి వడియాల గిన్నెతో వచ్చింది. ఎదురింటి వదిన అప్పడాలు తెచ్చింది. ఎవరికి ఏ వారమో మా అమ్మ నిర్ణయిస్తుంది. మంగళవారం, శుక్రవారం మా ఇంటివి, మిగతా రోజులు ఊరివి. నాకు సెలవు రోజున కాకుల కాపలా. గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో చీపురుపుల్లల కట్ట.

మొన్న అలా కూర్చుని బీపీ చూసుకుందామని ఇంట్లో మిషన్ తెచ్చి చేతికి కట్టుకున్నాను. అది రెండుసార్లు ఉబ్బి, మూలిగి, తెర మీద ఇంగ్లీషు "ఈ" అక్షరం, అంటే ఎర్రర్ అని, చూపించి ఆగిపోయింది. దాని పెట్టె తిప్పి చూస్తే 40 డిగ్రీల లోపే వాడాలని రాసి ఉంది.

అప్పుడే అమ్మాయి ఫోన్ చేసి, గార్డెన్ ఫొటో ఒక్కటి కూడా పంపలేదేమని అలిగింది. మా ఆవిడ గుమ్మంలోంచే ఒకటి తీసి పంపింది. అయిదు నిమిషాలకు జవాబు వచ్చింది.

"ఎంత బాగుంది నాన్నా! బెంచీ నిండా తెల్లగా రాలాయి, పారిజాతాలేనా?"

ఏం చెప్పాలో తోచక ఫోన్ మా ఆవిడకిచ్చాను. ఆమె చదివి, తాపీగా టైపు చేసింది.

"అవునమ్మా. ఆదివారం బస్సులో డబ్బా పంపిస్తా. వేయించి చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."