బైండరు రాసిన సమీక్ష

మిఠాయి కొట్టు యజమాని రోజంతా లడ్లు తింటూ కూర్చుంటాడనుకోవడం ఎలాంటిదో, గ్రంథాలయ సిబ్బంది రోజంతా పుస్తకాలు చదువుతారనుకోవడం అలాంటిది. కానీ 1914లో ఆంధ్రదేశపు మొదటి గ్రంథాలయ మహాసభ జరిగిన బెజవాడలో ఈ మాట పైకి అనకూడదు. అందుకే నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే వారోత్సవాలకు మా పేట శాఖా గ్రంథాలయంలో ఓ కొత్త కార్యక్రమం పెట్టారు. సిబ్బందిలో ప్రతివారూ ఈమధ్య చదివిన పుస్తకం మీద తమ అభిప్రాయం రాసి బోర్డుకు అంటించాలి. వ్యాసరచన పోటీకి పిల్లలు దొరకడం లేదు కాబట్టి పెద్దవాళ్లను పట్టుకున్నారన్నమాట.

గ్రంథపాలకుడుగారు లావుపాటి చరిత్ర గ్రంథం గురించి నాలుగు వాక్యాలు రాశారు. ఆ నాలుగూ దాని వెనక అట్ట మీద కూడా ఉన్నాయి. కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ అపరాధ పరిశోధన నవల ఎంచుకుని, "ఎంత ఉత్కంఠ! వంటమనిషే హంతకుడని చివరిదాకా ఊహించలేకపోయాను" అని మనసు విప్పి రాశారు. ఆ నవల తన వంతుకు ఎప్పుడొస్తుందా అని కాచుకున్న రిటైర్డు రైల్వే గార్డుగారు ఆ రోజు నుంచి ఆవిడకు నమస్కారం మానేశారు. రాత్రి కాపలాదారుది ఏకవాక్య సమీక్ష: "సగం చదివేసరికి హాయిగా నిద్ర పట్టింది." దాని మీద ఆయనను సంజాయిషీ అడిగారని విన్నాను.

ఇక మిగిలింది బైండరు. వెనక వరండాలో దబ్బనం, దారం, కాలికో గుడ్డ, మైలుతుత్తం వేసి ఉడికించిన లైపిండి డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటాడు. "నేను పుస్తకం తెరిచేది కుట్టడానికేనండీ" అని మొత్తుకున్నా గ్రంథపాలకుడుగారు వినలేదు. సరేనని చేతిలో ఉన్న పుస్తకం గురించే రాసిచ్చాడు.

అది మా పేట కవిగారి సంపుటి. కవులు తమ పుస్తకాలు గ్రంథాలయానికి ఉచితంగా ఇస్తారు. ఆ తర్వాత అవి వెన్ను మీద 894.8271 అనే చీటీ వేయించుకుని అరలో కాపురం పెడతాయి. పుస్తకాలను విషయాలవారీగా అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతిలో అది తెలుగు కవిత్వం సంఖ్య. మా శాఖలో ఆ అరకు రోజూ వచ్చేవి బల్లులే. ఈ సంపుటినైతే ఎవరూ ముట్టుకోకుండానే బెజవాడ ఎండకు గమ్ము పెళుసెక్కి పుటలు ఊడాయి. బైండరు చీటీలో ఇలా ఉంది:

"పైకి సొగసుగా ఉంది. లోపల పట్టు లేదు. వెన్ను బలహీనం. మధ్యలో తెరిస్తే మొత్తం విడిపోతుంది. మంచి కాగితం వృథా అయింది. విప్పి మొదటి నుంచి మళ్లీ కట్టాలి."

కవి సమ్మేళనానికి అధ్యక్షత వహించడానికి వచ్చిన కవిగారు బోర్డు ముందు ఆగారు. చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. "ఎవరీ విమర్శకుడు? హైదరాబాదు మనిషా?" అని గర్జించారు.

"కాదండీ, వెనక వరండాలో ఉంటాడు" అన్నాడు అటెండరు.

శాలువాతో సహా వరండాలోకి నడిచారు కవిగారు. వెనకాలే మేమందరం.

"ఏమయ్యా, నా కవిత్వంలో పట్టు లేదా?"

"కూర్చోండి సార్, చూపిస్తాను" అని బైండరు పుస్తకం తెరిచాడు. దీర్ఘకవిత మొత్తం జలజలా నేల మీద రాలింది. "చూశారా? ఇక్కడే తమరికి పట్టు తప్పింది. కుట్టు లేకుండా వట్టి గమ్ము మీద నడిపించారు. ఇలాంటివి నాలుగేళ్లు కూడా నిలవవు."

"నిలవదా?" అన్నారు కవిగారు. గొంతులో గర్జన ఎటుపోయిందో! ఏ కవినైనా ఏమైనా అనవచ్చు గానీ ఆ ఒక్క మాట అనకూడదు.

ఈలోగా, ఒక సొంత ఉద్యోగి అంత ఘాటుగా దుయ్యబట్టిన పుస్తకం ఏమిటా అని జనం కౌంటరు దగ్గర మూగారు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉండాలన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మూడోది. ఈ సంపుటి విషయంలో అది నెరవేరడం ఇదే మొదలు. గిరాకీ చూసి బైండరు ఆ రాత్రికి రాత్రే పుస్తకాన్ని బిగించి కుట్టాడు. గట్టి కుట్టు కదా, లోపలి మార్జిన్‌ను దాటి అచ్చులోకి కూడా వెళ్లింది. కుడిచేతి పుటల్లో ప్రతి పాదం మొదటి అక్షరం దారం కింద మాయమైంది. "వెన్నెల" కాస్తా "న్నెల" అయింది. "మనసా" అన్నచోట "నసా" మిగిలింది.

ముగింపు సభలో ఆ ప్రతిని పట్టుకుని ఒక కాలేజీ లెక్చరరుగారు ప్రసంగించారు. "పాదాన్ని మొదలుపెట్టకుండానే మొదలుపెట్టడం ఈ కవి సాధించిన ప్రయోగం. ఆ లుప్తాక్షరంలోనే ఆధునిక మానవుడి వేదన అంతా ఉంది" అన్నారు. చప్పట్లు మోగాయి. కవిగారు ఒక్కసారి బైండరు వైపు చూసి, గంభీరంగా తల పంకించారు.

రెండో ముద్రణ ప్రెస్సులో ఉంది. ఆ అక్షరాలు అలాగే వదిలేయమని చెప్పారట.