చూపుడు వేలికి జరిగిన అన్యాయం

మలబద్ధకానికి వైద్యం ఎంత ఎదిగిందంటే, రోగి పొట్టను నాలుగు యంత్రాలు చూస్తాయి గానీ డాక్టరు గారి వేలు మాత్రం మలద్వారం ఛాయలకు పోదు. నాగరికత అంటే ఇదే మరి. ఒక గ్లోవు, కాస్త జెల్లీ, రెండు నిమిషాలు. ఇంత చౌకగా తేలిపోయే నిజాన్ని ఎవరు గౌరవిస్తారు?

వేలి పరీక్ష చేసే మొండివాళ్లు ఇంకా కొందరున్నారు. రోగిని ఎడమ పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు ముడిపించి, ముందు చీలికలూ మొలలూ ఉన్నాయేమో చూస్తారు. ఆ తర్వాత వేలు పెట్టి "బిగించండి" అంటారు, "ఇప్పుడు ముక్కి నా వేలిని తోసేయండి" అంటారు. ముక్కినప్పుడు అక్కడి కండరం వదులవ్వాలి. కొందరికి అప్పుడే ఇంకా బిగుసుకుంటుంది, ఒక చేత్తో తలుపు తోస్తూ రెండో చేత్తో గడియ పెట్టుకున్నట్టు. ఇలాంటివాళ్లకు పీచు పెంచితే తలుపు వెనక రద్దీ పెరుగుతుంది, అంతే. కావలసింది ఆ కండరానికి వదులవడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ. ఇక గట్టిపడ్డ మలం ముద్ద పక్కనుంచి నీళ్లలా కారుతుంటే, విరేచనాలనుకుని కట్టే మందు రాసే ఘనకార్యం వేలు పెట్టనివాళ్లకే సాధ్యం.

మందుల చీటీ చదవడమూ పరువు తక్కువే. మలబద్ధకం తెచ్చిపెట్టే ఐరన్, వెరాపమిల్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ ఒకే సంచిలో కాపురం ఉన్నా, "నీళ్లు తాగరా మీరు?" అని రోగిని గద్దించడమే సంప్రదాయం. థైరాయిడ్, కాల్షియం, షుగర్ పరీక్షలు అనుమానాన్ని బట్టి చేయించొచ్చు.

పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీని మాత్రం వెక్కిరించను. మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం, ఐరన్ లోపంతో రక్తహీనత, రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్, 50 ఏళ్లు దాటాక మలవిసర్జనలో కొత్తగా వచ్చిన మార్పు... వీటిలో ఏది ఉన్నా కొలనోస్కోపీ గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే.

మందులకు లొంగకపోతే బెలూన్ పరీక్ష ఉంది. పురీషనాళంలో, అంటే మలద్వారానికి పైనున్న పేగు చివరి భాగంలో, బెలూన్ పెట్టి 50 మి.లీ. నీళ్లతో నింపి, కూర్చుని బయటికి పంపమంటారు. మామూలు మనిషికి ఒక నిమిషం చాలు. మరో పరీక్షలో ఎక్స్‌రేలో కనబడే 24 చిన్న రింగులున్న క్యాప్స్యూల్ మింగించి, అయిదో రోజు ఎక్స్‌రే తీస్తారు. 5 కన్నా ఎక్కువ మిగిలి, పేగంతా చెదిరి ఉంటే పేగు కదలిక మందగించిందని లెక్క. అన్నీ కిందకొచ్చి పురీషనాళంలో గుంపు కట్టాయా, ఆ చోటు మొదటి రోజే వేలికి అందేది.