స్కోర్‌షీటులో కనిపించని గార్డు

కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ అయిపోగానే మన దగ్గర అందరూ అడిగేది ఒక్కటే: "ఎవడు ఎన్ని కొట్టాడు?" గుంటూరులోనైనా విజయవాడలోనైనా అంతే. ఎవడు ఎన్ని కొట్టించాడని ఎవరూ అడగరు. అడిగినా చెప్పడానికి లెక్క ఉండదు. టేబుల్ దగ్గర కూర్చుని నింపే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) స్కోర్‌షీటులో పాయింట్లు, ఫౌళ్లు, టైమవుట్లు ఉంటాయి గానీ అసిస్టుకు, అంటే బుట్ట పడేలా ఇచ్చిన పాస్‌కు, గడి లేదు. పెద్ద టోర్నీల్లో అసిస్టులు, టర్నోవర్లు (బంతి పోగొట్టుకున్న సందర్భాలు) రాయడానికి వేరే మనుషులను పెడతారు. మన ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో ఆ పనికి మనిషి కనిపించడు. ఒకే టీములో ఇద్దరు మంచి గార్డులుంటే (బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపేవాళ్లు) వాళ్ల మధ్య వచ్చే పేచీల్లో సగానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

కుర్రాళ్లను తప్పుపట్టి లాభం లేదు. సెలెక్షన్స్‌లో కాసేపే ఆడనిస్తారు. ఆ కాసేపట్లో సెలెక్టర్ కంట పడాలంటే బుట్టలో బంతి పడాలి. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న ఇంట్లో ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. పాస్ ఇచ్చి తప్పుకున్నవాడి పేరు ఎవరికీ గుర్తుండదని పద్నాలుగేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు.

ఫలితం ఎలా ఉంటుందో గుంటూరులో ఒక సాయంత్రం చూసిన ఒక్క పొజెషన్ (బంతి ఒక టీము చేతిలో ఉన్న ఒక విడత) చెబుతుంది. సిమెంటు కోర్టు ఇంకా వేడి తగ్గలేదు. ఎదుటివాళ్ల షాట్ తప్పి రీబౌండ్ పడగానే ఇద్దరు గార్డులూ బంతి కోసం వెనక్కే పరుగెత్తారు. ఒకడికి అందింది. రెండోవాడు పక్కనే నడుస్తూ, చప్పట్లు కొడుతూ "ఇటివ్వరా, ఇటివ్వు" అంటున్నాడు. మొదటివాడు ఇవ్వలేదు. సగం కోర్టు దాటడానికి ఉన్న 8 సెకన్లలో చాలాభాగం అక్కడే పోయింది. ముందుకు పరుగెత్తాల్సిన మనిషి వెనకే ఉండిపోయాడు కాబట్టి ఫాస్ట్ బ్రేక్ (ఎదుటివాళ్లు సర్దుకునేలోపే దూసుకెళ్లి కొట్టడం) అన్నమాటే లేదు. బంతి అవతలికి చేరాక బుట్ట కింద ఉన్న పొడుగు కుర్రాడు చెయ్యెత్తి అడిగాడు. మళ్లీ అడిగాడు. తర్వాత చెయ్యి దించేసి ఊరుకున్నాడు. చివరికి మొదటి గార్డు ఇద్దరు డిఫెండర్ల చేతుల మీదుగా షాట్ వేశాడు, అది పడింది. గ్రౌండంతా కేకలు. స్కోర్‌షీటులో రెండు పాయింట్లు. అది చెడ్డ పొజెషన్ అని ఆ కాగితం చూసి ఎవరూ కనిపెట్టలేరు.

వాలీబాల్‌లో బంతి లేపి ఇచ్చేవాడు వేరు, కొట్టేవాడు వేరు. పని ముందే పంచుకుని కోర్టులోకి దిగుతారు. బాస్కెట్‌బాల్ గార్డులకు ఆ సౌకర్యం లేదు. ఆడించేవాడు పాయింట్ గార్డ్, కొట్టేవాడు షూటింగ్ గార్డ్ అని పేర్లు పెడతాం గానీ, డిఫెన్స్ ఎటు జరిగిందన్న దాన్ని బట్టి ఎవరి చేతిలో బంతి ఉండాలో ప్రతి పొజెషన్‌లోనూ మారుతుంది. అందుకే "మనలో పాయింట్ గార్డ్ ఎవరు" అన్న వాదన నాకు పెద్దగా పనికొచ్చేదిగా అనిపించదు. బంతి చేతిలో లేనప్పుడు రెండోవాడు ఏం చేస్తున్నాడన్నదే అసలు చూడాల్సింది.

పొద్దున్నే ఫోన్‌లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చూసే మన కుర్రాళ్లందరికీ స్టెఫ్ కరీ తెలుసు. అతను 2009లో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లోకి వచ్చేనాటికి అక్కడ మోంటా ఎలిస్ అనే స్కోరింగ్ గార్డ్ ఉన్నాడు. తామిద్దరం కలిసి ఆడటం కుదరదని ఎలిస్ అప్పట్లోనే బయటికి చెప్పాడు. 2012 మార్చిలో క్లబ్బు అతన్ని మిల్వాకీకి పంపేసింది. కరీ పక్కన నిలదొక్కుకున్న క్లే థాంప్సన్ తక్కువ స్కోరరేం కాదు. 2016 డిసెంబరులో ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు కొట్టాడు. ఆ 60 పాయింట్ల రాత్రి అతను బంతిని నేలకు కొట్టింది 11 సార్లే. స్క్రీన్ల (డిఫెండర్‌కు అడ్డంగా నిలబడే సహచరుల) చుట్టూ తిరిగి, ఖాళీ దొరికిన చోటికి చేరి, బంతి రాగానే వేశాడు. స్కోరర్లు ఇద్దరుండటం తప్పు కాదు, ఇద్దరికీ బంతి చేతిలోనే ఉండాలనుకోవడం తప్పు. పైగా 2015-16లో ఆ టీము 73 మ్యాచ్‌లు గెలిచినప్పుడు అందరికంటే ఎక్కువ అసిస్టులు ఇచ్చింది గార్డు కాదు, డ్రేమండ్ గ్రీన్ అనే ఫార్వర్డ్. ఆడించే పనిని గార్డే చేయాలన్న రూలేమీ లేదు.

ఇంకో దారి ఫిలడెల్ఫియా గార్డు అలెన్ ఐవర్సన్‌ది. మన కుర్రాళ్లకు దగ్గరగా ఉండేది ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే అతని ఎత్తు ఆరడుగులే. కోచ్ లారీ బ్రౌన్ అతన్ని షూటింగ్ గార్డ్ చేసి, బంతి తెచ్చే పని ఎరిక్ స్నోకి అప్పగించాడు. డిఫెన్స్‌లో మాత్రం తిరగేశాడు: ఎదుటి టీములోని పెద్ద గార్డును స్నో పట్టుకునేవాడు, చిన్నవాణ్ని ఐవర్సన్. 2001లో ఫిలడెల్ఫియా ఫైనల్‌కు వెళ్లింది, ఐవర్సన్‌కు ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) వచ్చింది. అతని పోస్టర్లు ఎన్నో గోడల మీద చూశాను. స్నో పోస్టర్ ఒక్కటీ చూడలేదు.

డెట్రాయిట్‌లో ఐజయా థామస్, జో డుమార్స్ సంగతి వేరు. 1989 ఫైనల్‌లో ఎంవీపీ డుమార్స్, 1990లో థామస్. వరుసగా రెండు టైటిళ్లలో ఒక్కోసారి ఒక్కొక్కరు ముందుకొచ్చారు. అలాంటి జోడీ కుదరడం అరుదు, దాన్ని నమూనాగా పెట్టుకోమని ఎవరికీ చెప్పను.

మన కోచ్‌లు వెంటనే వాడుకోగలిగింది హ్యూస్టన్ పద్ధతి. 2017-18లో జేమ్స్ హార్డెన్ పక్కన క్రిస్ పాల్ చేరాడు. ఇద్దరూ బంతి చేతిలో ఉంచుకునేవాళ్లే. కోచ్ మైక్ డాంటోని వాళ్ల విశ్రాంతి వేళలను వేరుచేశాడు. ఒకడు కూర్చుంటే రెండోవాడు కోర్టులో ఉంటాడు. ఆ ఏడాది 65 మ్యాచ్‌లు గెలిచారు. మన దగ్గర 40 నిమిషాల మ్యాచ్‌లో ఇద్దరు మంచి గార్డులను మొదటినుంచీ కలిపే ఆడించి, మూడో క్వార్టర్‌లో అలిసిపోయాక ఇద్దరినీ ఒకేసారి బయటికి లాగుతారు. అక్కడే పన్నెండు పాయింట్ల ఆధిక్యం కరిగిపోతుంది.

నేను చూసినంతలో అమ్మాయిల టీముల్లో ఈ పేచీ తక్కువగా కనిపిస్తుంది, పాస్ ఎక్కువ తిరుగుతుంది. 2024లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఇండియానా ఫీవర్‌ను చూడండి. కొత్తగా వచ్చిన కెయిట్లిన్ క్లార్క్ 337 అసిస్టులతో సీజన్ రికార్డు రాసింది. అప్పటికే అక్కడున్న కెల్సీ మిచెల్ ఆ పాసులు అందుకుంటూ మొదటిసారి ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపికైన ప్లేయర్) అయింది. అదే సీజన్‌లో టర్నోవర్ల రికార్డు కూడా క్లార్క్‌దే అని మర్చిపోకూడదు. ఆడించేవాళ్లు బంతి పోగొట్టుకుంటారు. మన దగ్గర రెండుసార్లు పోగానే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు గట్టిగా అరుస్తారు, ఆ పిల్ల మిగతా మ్యాచ్ అంతా పక్కనున్నవాళ్లకు ఉత్త పాసులిచ్చి గడిపేస్తుంది.

పాస్ ఇచ్చేవాడు ఎప్పుడూ మంచివాడు, షాట్ వేసేవాడు స్వార్థపరుడు అనడం కూడా సరికాదు. షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్లలో రెండే మిగిలి ఉండగా తాను వేయలేక పక్కవాడి చేతిలో పెట్టేసే గార్డులున్నారు. అది పాస్ కాదు, బాధ్యత వదిలించుకోవడం. షాట్ క్లాక్ బోర్డు లేని కోర్టుల్లో ఇది ఇంకా సులువుగా దాగిపోతుంది. అలాగే అసిస్టు లెక్క కూడా సంపూర్ణం కాదు. అద్భుతమైన పాస్ అందుకున్నవాడు లేఅప్ (బుట్ట దగ్గరికెళ్లి వేసే షాట్) మిస్ చేస్తే ఇచ్చినవాడి ఖాతాలో ఏమీ పడదు.

అందుకని ప్రతి కాలేజీ టీమూ బెంచీ మీదున్న ఒక కుర్రాడికి నోట్‌బుక్ ఇవ్వాలి. అసిస్టు, టర్నోవర్, మంచి పాస్ తర్వాత తప్పిన షాట్: ఈ మూడే రాయమనాలి. ఖర్చు లేదు, రాసేవాడికి ఆట కూడా అర్థమవుతుంది. మర్నాడు ప్రాక్టీస్‌లో కోచ్ ఆ పేజీని అందరిముందూ చదవాలి.

సెలెక్షన్స్‌లో ఇంకొకటి చేయొచ్చు. ట్రయల్స్‌కు వచ్చిన గార్డులను అప్పటికప్పుడు కలిపేసిన టీముల్లో ఆడిస్తే పాయింట్లు తప్ప ఏదీ బయటపడదు, ఎందుకంటే ఎవరు ఎటు కదులుతారో ఎవరికీ తెలియదు. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ఇద్దరు గార్డులను కనీసం ఒక క్వార్టర్ ఒకే టీములో ఉంచాలి. తర్వాత క్వార్టర్‌లో ఎదురెదురుగా నిలబెట్టాలి. 2022 ప్లేఆఫ్స్‌లో టీము ప్రధాన ఆటగాడు లూకా డాంచిచ్ గాయంతో మూడు మ్యాచ్‌లకు దూరమయ్యేదాకా డాలస్‌లో జేలెన్ బ్రన్సన్‌ను చాలామంది రెండో గార్డుగానే చూశారు. ఆ మూడింట్లో రెండోదానిలో అతను 41 పాయింట్లు కొట్టాడు, మూడింటిలో రెండు డాలస్ గెలిచింది. ఆ వేసవిలోనే న్యూయార్క్ అతన్ని తీసుకెళ్లి టీమునే చేతికిచ్చింది. మన జిల్లాల ట్రయల్స్‌లో అలాంటి కుర్రాడికి ఆ ఒక్క క్వార్టర్ దొరకాలి.