మా ఇంటి జలాశయం కూల్చివేత

బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్లో వచ్చే సోమవారం ఒక జలాశయాన్ని కూల్చబోతున్నాం. లోకం దాన్ని బాత్‌టబ్ అంటుంది, మా అత్తగారు గంగాళం అంటారు.

కొత్తలో ప్రారంభోత్సవం నేనే చేశాను. టబ్బుకి 200 లీటర్లు పడతాయి, మా గీజర్‌కి 25. మడమలు మునిగేసరికి వేడినీళ్లు అయిపోయాయి. గీజర్ మళ్లీ కాగేలోపు టబ్బులోవి చల్లారాయి. అలా మూడు విడతలు చూసి, జలుబుతో బయటికొచ్చాను. మళ్లీ అందులో కాలు పెట్టలేదు.

దాని అసలు వైభవం 2024 వేసవిలో మొదలైంది. బోర్లు ఎండిపోయాయి. తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్ డ్రైవర్ ఫోన్ ఎత్తితే ఇంట్లో పండగ. అప్పుడు అత్తగారు టబ్బు నిండా నీళ్లు పట్టించి, పైన చెక్క వేసి, చెంబు పక్కన పెట్టుకుని కాపలా కూర్చున్నారు. పెద్ద డ్యాములకి కూడా అంత భద్రత ఉండదేమో.

ఇప్పుడు మేస్త్రీ వచ్చి, "టబ్బు తీసేసి, గాజు గదిలో షవర్ పెట్టించుకోండి సార్, నీళ్లు ఆదా" అన్నాడు. నిమిషానికి 9 లీటర్లేనట. మా అమ్మాయి స్నానం 25 నిమిషాలు. గుణించి చూస్తే 225. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, మూడు చోట్ల పంపులు పెట్టి అర కిలోమీటరు ఎత్తుకి ఎక్కిస్తే ఊళ్లోకొచ్చిన కావేరి, మా అమ్మాయి రెండో పాట పూర్తయ్యేదాకా కారుతుందన్నమాట. బోరు నీళ్లయితే ఆ బాధ లేదు, ఆర్నెల్లలో షవర్ కన్నాలన్నీ సున్నంతో పూడిపోతాయి.

టబ్బు తీసిన చోట వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నింపి ఒక రోజంతా నిలబెట్టి చూడాలట. లేకపోతే కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ చెమరుస్తుంది. ఆ నీళ్లెక్కడ తేవాలి అని అడిగాను. మేస్త్రీ టబ్బు వైపు చూశాడు. నేనూ చూశాను. కాబట్టి ఆదివారం ఇంటిల్లిపాదీ దాన్ని బకెట్లలోకి తోడుతున్నాం.

అత్తగారు అంతా విని ఒక్కటే అడిగారు: "బాబూ, ఆ గాజు గదిలో బకెట్ పెట్టుకోవడానికి చోటుంటుందా?"

షవర్ కింద, మోకాలి ఎత్తులో ఒక కుళాయి కూడా రాయించాను. కొటేషన్లో అదొక్కటే చవక.