గొర్రె బొమ్మ వేసుకున్న ఊలు ఉండ గారికి

మహారాజశ్రీ తెల్ల ఊలు ఉండ గారికి,

నమస్కారాలు. తమరు మా ఇంట్లో క్షేమం. నేనే క్షేమంగా లేను. నిన్న మధ్యాహ్నం తమకు ఎర్ర రంగు వేద్దామని ఫ్యాను ఆపి, స్టవ్ సిమ్‌లో పెట్టి, గంటకు పైగా గిన్నె ముందు నిలబడ్డాను. రోహిణి కార్తెలో నెల్లూరు వంటింట్లో ఫ్యాను ఆపడమంటే ఏమిటో తమకు వేరే చెప్పాలా, చిన్నబజారులో రేకుల కింద మగ్గినవారే కదా.

మర్యాదల్లో లోటేమీ చేయలేదు. ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాను. తర్వాత గిన్నెలో నిమ్మ ఉప్పు, కేకుల్లో వేసే ఎర్ర రంగు పొడి కలిపి, మరగనివ్వకుండా వేడి చేశాను. ఉన్ని అయితే ఆ పులుపుకీ వేడికీ రంగంతా లాగేసుకోవాలి, నీళ్ళు తేటగా మిగలాలి. ఈ పనిలో ముచ్చటంతా అదే. గరిటెతో పక్కకు జరిపి చూస్తే ఎరుపు. కాసేపాగి చూస్తే ఎరుపు. ఇంకాస్త నిమ్మ ఉప్పు వేశాను, మళ్ళీ ఎరుపే. చివరికి కుళాయి కింద పెడితే, అంటీ అంటనట్టున్న ఆ గులాబీ ఛాయ కూడా సింకులోకి పోయింది. తమరు మాత్రం మల్లెపూవులా బయటికొచ్చారు.

పాపం రంగును అనుమానించాను. అమ్మ పాత పట్టుచీర కొంగులోంచి ఓ తెల్ల పోగు లాగి అదే గిన్నెలో వేశాను. దానిమ్మ గింజ రంగుకొచ్చింది, ఎంత జాడించినా వదల్లేదు. నా వేళ్ళూ అంతే, ఇవాళ్టికీ ఎర్రగానే ఉన్నాయి. పట్టు, చర్మం, ఉన్ని అన్నీ ప్రొటీనే. ఈ రంగులు పట్టుకునేది వాటినే. అంటే తమకంటే నా వేళ్ళే మేలు రకం ఉన్ని.

లోపల అట్టముక్క పెట్టి బరువు పెంచారు, పోనీ. మధ్యలో ముడులు, అదీ పోనీ. కొస కత్తిరించి అగ్గిపుల్ల అంటించాను చూడండి, అక్కడితో సరి మన మర్యాదలు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే పొడయ్యే బూడిద మిగలాలి. నువ్వు నల్లపొగ కక్కి, కరిగి, గట్టి పూసలా ముడుచుకున్నావు. అక్రిలిక్! పెట్రోలియంలోంచి పుట్టినదానివి, నీకు గొర్రె బొమ్మ ఏంది? అదీ ఉంగరాల బొచ్చుతో, మెడలో గంటతో, నవ్వుతూ! "ప్యూర్ ఊలక్కా, బొమ్మ చూళ్ళా?" అన్నాడు అమ్మినాయన.

గొర్రెలంటే తెలియని ఊరికొచ్చి చెప్తున్నావా? దేశంలోకెల్లా పొడుగు గొర్రె మా నెల్లూరు గొర్రె. ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తెలియనివాళ్ళు చూసి మేక అనుకుంటారు. పల్ల కానీ, జోడిపి కానీ, డోర కానీ, ఏ రకమూ ఉన్ని ఇస్తానని ఏనాడూ ఎవరికీ మాటివ్వలేదు. మాంసానికి పెరుగుతుంది, మాంసానికే పోతుంది. దాని పాటి నిజాయితీ నీకేది?

నీలో మంచి లేదనను. పురుగు కొట్టవు, వేడినీళ్ళు తగిలితే ఉన్నిలా కుంచించుకుపోవు. గుమ్మానికి తోరణం అల్లితే ఏళ్ళ తరబడి ఉంటావు. అక్రిలిక్ అని రాసుకుని ఉంటే, తోరణానికని అడిగి మరీ కొనేదాన్ని. బెంగళూరు చలిలో ఉన్న అక్క మనవడి టోపీకని, రంగు వేసుకోవచ్చని, ఉన్ని ధర పోసి కొన్నాను తల్లీ!

మిగతా ఉండలన్నీ సంచిలో సర్దాను. సాయంత్రం అందరం అంగడికి పోతున్నాం. అగ్గిపెట్టె కూడా తెస్తున్నా. వెలిగించేది నేను కాదు, ఆ అమ్మినాయనే, గిరాకీ నిండుగా ఉన్నప్పుడు.