తీరానికి కొత్తగా వచ్చినవారికి దారి చూపాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరానికి కొత్త జనం చేరుతున్నారు. ఓడరేవు పనులకూ, రొయ్యల చెరువులకూ, రొయ్యపిల్లలను పెంచే హేచరీలకూ ఉదయగిరి, కనిగిరి మెట్ట పల్లెల నుంచీ, ఒడిశా, బిహార్‌ల నుంచీ వచ్చినవారు సముద్రానికి కూతవేటు దూరంలో కాపురం పెడుతున్నారు. అద్దె ఇల్లు, పిల్లల బడి సంగతులు ఇరుగుపొరుగును అడిగి తెలుసుకుంటారు. సునామీ హెచ్చరిక వస్తే ఏ దారిన వెళ్లాలో అడగాలన్న ఆలోచనే వారికి రాదు, పిలిచి చెప్పే బాధ్యతను ఎవరూ తీసుకోవడం లేదు.

తుపానుతో తీరానికి పాత పరిచయమే. వాయుగుండం కబురు అందాక పడవలను పైకి లాగి, వలలు చుట్టి, బియ్యం మూటగట్టుకొని బయలుదేరేందుకు ఒకటి రెండు రోజులైనా వ్యవధి ఉంటుంది. సునామీకి ముందు గాలీ రాదు, వానా రాదు. 2004 డిసెంబరు 26, మార్గశిర పౌర్ణమి ఆదివారం ఉదయం ఆరున్నరకు సుమత్రా వద్ద 9.1 తీవ్రతతో భూకంపం వస్తే, సుమారు రెండున్నర గంటల్లో అలలు మన ఒడ్డును తాకాయి. ఉమ్మడి రాష్ట్రంలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆనాడు లేని హెచ్చరిక కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో పనిచేస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లోనే తొలి సమాచారం ఇవ్వగల వ్యవస్థ అది. ఆ తరువాత మిగిలే సమయమంతా ఊరి చేతిలో ఉంటుంది. గుడి మైకులో తెలుగులో చెప్పిన మాట చెరువు గట్టు మీది ఒడియా కూలీకి అర్థమవుతుందా అన్నది మమ్మల్ని కలవరపెడుతున్న ప్రశ్న.

మన తీరంలో చాలా పల్లెలకు తూర్పున సముద్రం, పడమట బకింగ్‌హాం కాలువ. మెరకకు చేరాలంటే కాలువ దాటాలి, అందుకు వంతెన ఎక్కడుందో చీకట్లో సైతం తెలియాలి. అలల నీరు ఏటి ముఖద్వారాల గుండా లోపలికి ఎగదన్నుతుంది గనుక ఏటిగట్టు వెంట పోకూడదు. వంతెన దూరమైతే తుపాను షెల్టరు వంటి గట్టి భవనం పై అంతస్తే దిక్కు. ఆ మెట్ల తలుపు తాళం చెవి ఎవరింట్లో ఉంటుందో కొత్తవారికీ తెలిసి ఉండాలి. సముద్రం వెనక్కి తగ్గితే చేపలు ఏరుకోవడానికి దిగరాదు. మొదటి అలే పెద్దదని గానీ, అది పోయాక ముప్పు తప్పిందని గానీ అనుకోరాదు. అధికారులు చెప్పేదాకా తిరిగి రాకూడదు. లోతు నీటిలో వేటలో ఉన్నవారు ఒడ్డుకు రావడం కంటే ఇంకా లోనికి పోవడమే క్షేమం.

2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హెచ్చరిక వచ్చింది, సముద్రపు నేల పైకీ కిందికీ కాక పక్కకు జరిగినందున పెద్ద అల లేవలేదు. హెచ్చరిక విని మెరకకు పోవడం వృథా పరుగన్న మాట మేము అంగీకరించం. ఆ రోజు ఊరు నడిచిన దారి ఊరికి గుర్తుంటుంది, ఆ తరువాత వచ్చినవారికి ఆ గుర్తు లేదు.

ఒడిశాలో వెంకటరాయిపూర్, నోలియాసాహి గ్రామాలు 2020లోనే యునెస్కో సముద్ర విభాగం నుంచి సునామీ సన్నద్ధ గుర్తింపు పొందాయి. మన రెండు జిల్లాల యంత్రాంగాలు నవంబరు 5న వచ్చే ప్రపంచ సునామీ అవగాహన దినానికి ముందే తీర గ్రామాల్లో కసరత్తు జరపాలి. కూలీలను తెచ్చిన కాంట్రాక్టర్లు, చెరువుల యజమానులు తమ మనుషులను పనిలో చేర్చుకున్న వారంలోనే వంతెన దాకా నడిపించి, ఎన్ని నిమిషాలు పట్టిందో వారి భాషలోనే చెప్పాలి.