చినూక్ గారికి, వడియాల విషయమై

మహారాజశ్రీ చినూక్ గాలి గారికి,

కెనడాలోని కాల్గరీ నుంచి ఒక డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) ఓనర్ నమస్కరించి రాయునది ఏమనగా, చలికాలంలో కొండలు దిగి వచ్చే వెచ్చని పొడిగాలి అయిన తమరు మంగళవారం పొద్దున వచ్చి బుధవారం మధ్యాహ్నానికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు, మీకది గుర్తుందో లేదో కానీ మా ఇంట్లో ఇంకా పంచాయితీ నడుస్తూనే ఉంది.

సోమవారం రాత్రి మైనస్ 24. మంగళవారం లేచేసరికి పడమటి వైపు మీ ఆర్చి, పైన బూడిదరంగు మబ్బు, దాని కింద జానెడు నీలం. పదకొండింటికల్లా ప్లస్ 11. తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలుగా కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చున్న మా అమ్మ డెక్ మీదకి వెళ్ళింది, చెయ్యి గాల్లో పెట్టి అటూ ఇటూ తిప్పింది, "ఒరేయ్, తేమే లేదురా ఈ గాలిలో, వడియాలు పెట్టేద్దాం" అంది. ఫోన్లో చూశా, మూడు రోజులు ఇలాగే ఉంటుందని ఉంది. మూడు రోజులండీ. నేను ఊరికే ఊ కొట్టలేదు.

కేజీన్నర సగ్గుబియ్యం. రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఉడికించి, పచ్చిమిర్చి జీలకర్ర నూరి కలిపి, నాన్న పాత పంచె డెక్ మీద పరిచి, గరిటెతో వరసలు వరసలుగా పెట్టింది. మీరు విసురుతారని తెలుసు కాబట్టి నాలుగు మూలలా బరువులు కూడా పెట్టాం, ఒక మూల ఐస్ మీద చల్లే ఉప్పు బకెట్, ఒక మూల ఇడ్లీ కుక్కర్, మిగతా రెండిటికీ నా డంబెల్స్ (కొన్నాక మొదటిసారి పనికొచ్చాయి).

మధ్యాహ్నం రెండున్నరకి మీరు లేరు. ఉత్తరం నుంచి ఇంకోడు వచ్చాడు. నేను మీటింగ్‌లో ఉన్నా, అమ్మ నిద్రలో ఉంది, లేచి చూస్తే మంచు పడుతోంది, అయిదింటికి మైనస్ 16. పంచె డెక్‌కి అతుక్కుపోయి చెక్కలా బిగుసుకుంది, దాని మీద వడియాలు గోలీల్లా తగులుతున్నాయి. అమ్మ అట్లకాడతో మొదలెట్టింది, అట్లకాడ వంగింది. ఆఖరికి కారు అద్దం గీకే స్క్రేపర్ తెచ్చి, చీకట్లో, ఫోన్ లైట్ నోట్లో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని వడియాలు గీకానండీ నేను. పక్కింటాయన ఫెన్స్ మీంచి చూసి ఏం పోయిందని అడిగాడు. ఏం చెప్పను?

మీ సంగతి మాకు తెలీనిది కాదు. పసిఫిక్ నుంచి మోసుకొచ్చిన నీళ్ళన్నీ కొండకి అవతల బ్రిటిష్ కొలంబియా వాళ్ళకి ధారపోసి, రాకీ పర్వతాలు దిగేటప్పుడు కిలోమీటరుకి పది డిగ్రీల లెక్కన వేడెక్కి, మా దగ్గరికి వచ్చేసరికి ఒట్టి చేతులతో వస్తారు. 1962లో ఇక్కడి పించర్ క్రీక్ అనే ఊళ్ళో గంటలో మైనస్ 19ని ప్లస్ 22 చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు, 1988లో ఊరంతా ఒలింపిక్స్ పెట్టుకుంటే స్కీ జంపింగ్ వాళ్ళని గాలికి జంకి కూర్చునేలా చేశారు. 44 ఏళ్ళు ఒకే పార్టీని కుర్చీ దింపని మా అల్బర్టా రాష్ట్రం జనం ఇది, గడియారం ముందుకీ వెనక్కీ తిప్పడం మానేద్దామా అని 2021లో ఓటేయమంటే వెంట్రుకవాసిలో వద్దని, ఉన్నదే ఉండనిమ్మన్న జనం, అలాంటి వాళ్ళ చేత రోజుకి మూడు సార్లు కోటు మార్పించేది మీరొక్కరే. ఇక్కడ ఏం జరిగినా నింద దేశ రాజధాని ఒట్టావా మీద వేస్తారు కదా, మీ మీద ఒక్కరూ నోరెత్తరు!

మీరొస్తే మా ఆవిడకి మైగ్రేన్, సరే. కరిగిన నీళ్ళు రాత్రికి గడ్డకట్టి అద్దంలా అయితే దాన్ని గీకాల్సింది నేనే, సరే. రోడ్డు మీద కంకర తేలి కారు అద్దానికి బీట పడింది, అదీ సరే. కానీ వడియాలేం చేశాయి నిన్ను? ఉండనివాడివి మూడు రోజులని ఎందుకు ఆశపెట్టావ్? ఎన్నికల ముందు మా ఊళ్ళో రోడ్డు వేస్తామని కంకర కుప్పలు పోసి వెళ్ళిపోయేవాళ్ళు, వాళ్ళు నయం, కంకరైనా మిగిలేది.

గీకిన వాటిని ఓవెన్లో పెట్టి ఆరబెట్టాం. నిన్న వేయిస్తే సగం పొంగాయి, సగం గులకరాళ్ళు. పొంగినవి పప్పుచారులో నంజుకుంటూ అమ్మ ఏమందో తెలుసా, "గాలి మంచిదేరా, ఒక్క పూట ఆగుంటే తెల్లగా వచ్చేవి". పొద్దున్నించీ పడమటి కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుంది.

శనివారం మళ్ళీ వస్తావని ఫోన్లో ఉంది. నేను నమ్మను. కానీ సగ్గుబియ్యం ఇంకో కేజీ ఉంది, నానబెట్టాలో వద్దో శుక్రవారం రాత్రికల్లా ఆ ఆర్చి ఏదో కాస్త గట్టిగా చూపించు.

ఇట్లు,
ఒక స్క్రేపర్ బాధితుడు